ఎవరో పంపిన ప్యాచ్: సెలీనియం ఎదిగిన తీరు

2004లో షికాగోలో థాట్‌వర్క్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫీసులో ఉద్యోగులు పనిగంటలు, ఖర్చులు నమోదు చేసుకోవడానికి ఒక వెబ్ అప్లికేషన్ ఉండేది. బయటి కస్టమర్ల కోసం కాదు, సొంత అవసరానికి కట్టుకున్నదే. జావాస్క్రిప్ట్ బాగా దట్టించి కట్టారు. అప్పట్లో లోకమంతా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వాడుతుంటే, ఆ కంపెనీ ప్రోగ్రామర్లలో చాలామంది మొజిల్లా జాతి బ్రౌజర్లు వాడేవాళ్లు. ఒకదాంట్లో నిక్షేపంలా నడిచిన పేజీ ఇంకోదాంట్లో మొరాయించేది. ప్రోగ్రామర్లే వాడకందార్లు కాబట్టి మొహమాటం లేకుండా బగ్ రిపోర్టులు పెట్టేవాళ్లు. ఆ అప్లికేషన్ బాధ్యత చూస్తున్న జేసన్ హగిన్స్‌కి ప్రతి చిన్న మార్పు తర్వాతా అన్ని బ్రౌజర్లలోనూ అవే బటన్లు మళ్లీ మళ్లీ నొక్కి చూడక తప్పని పరిస్థితి వచ్చింది.

ఆ నొక్కుడు పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ బజార్లో లేక కాదు. మెర్క్యురీ ఇంటరాక్టివ్ అనే కంపెనీ విన్‌రన్నర్, క్విక్‌టెస్ట్ ప్రొఫెషనల్ (క్యూటీపీ) వంటివి అమ్మేది. ఈ పేర్లు హైదరాబాద్‌లో ఒక తరానికి కంఠతా వచ్చు. అమీర్‌పేట మైత్రివనం చుట్టుపక్కల గోడల మీద "టెస్టింగ్ టూల్స్" అని కనిపించిన ప్రతి పోస్టర్లోనూ ఇవే ఉండేవి. ఇంజినీరింగ్ అయిపోయి కోడింగ్ అంటే జంకే కుర్రాళ్లకు, డిగ్రీ చదివి సాఫ్ట్‌వేర్‌లో అడుగుపెట్టాలనుకునే అమ్మాయిలకు ఆ కోర్సు ఒక దారి. అయితే ఆ సాఫ్ట్‌వేర్ల లైసెన్సు ఖరీదు మామూలుగా ఉండేది కాదు. లోపలి వాడకానికి కట్టుకున్న ఒక చిన్న అప్లికేషన్ బడ్జెట్ మొత్తం దానికే సరిపోయేది. ఉచితంగా దొరికేవాటిలో కొన్ని ఒకే ఒక బ్రౌజర్‌కి కట్టుబడినవి, మరికొన్ని బ్రౌజర్ వేషం వేసేవే తప్ప అసలు బ్రౌజర్‌ని నడిపించేవి కావు.

హగిన్స్ బృందం కిటుకు చాలా సాదాది. అన్ని బ్రౌజర్లకూ జావాస్క్రిప్ట్ వచ్చు. కాబట్టి నొక్కే పనీ, టైపు చేసే పనీ పేజీలోపల కూర్చున్న జావాస్క్రిప్ట్‌కే అప్పగిస్తే సరి. ప్రోగ్రామింగ్ పెద్దగా రానివాళ్లు కూడా టెస్టులు రాసుకునేందుకు పైన ఒక హెచ్‌టీఎంఎల్ పట్టిక పెట్టారు. ప్రతి వరుసలో మూడు గళ్లు: ఏం చేయాలి, ఎక్కడ చేయాలి, ఏ విలువతో చేయాలి. పేరు కూడా తమాషాగానే వచ్చింది. మెర్క్యురీ అంటే పాదరసం కదా, పాదరసపు విషానికి సెలీనియం విరుగుడని హగిన్స్ ఒక ఈమెయిల్‌లో పోటీ కంపెనీ మీద చమత్కరించాడు. చదివినవాళ్లు ఆ మాటనే పట్టుకుని పేరుగా ఖాయం చేసేశారు. 2006లో మెర్క్యురీని హెచ్‌పీ సుమారు 450 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. దాని మీద జోకుగా పుట్టినదానికి మాత్రం ఈనాటికీ ధర లేదు.

ఆ ధర లేకపోవడమే ఈ కథకు మూలం. 2004లోనే సెలీనియంను అపాచీ 2 లైసెన్సు కింద బయటపెట్టారు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకునే వస్తువులో కలుపుకోవచ్చు. మార్చినవాళ్లు ఆ మార్పును తిరిగి ఇవ్వాలన్న నిర్బంధం ఆ లైసెన్సులో లేదు. అయినా ఇచ్చారు. ఎవరు ఇచ్చారు, ఏ అవసరంతో ఇచ్చారు అన్నదాన్ని బట్టే సెలీనియం రూపం మారుతూ వచ్చింది.

ఇలా మార్పులను తిరిగి పంపడమనే, సెలీనియం కన్నా చాలా ముందు నుంచీ ఉన్న ఆచారం గురించి ఇక్కడ కొంత చెప్పుకోవాలి.

రెండు ఫైళ్ల మధ్య ఏయే లైన్లు మారాయో చూపించే డిఫ్ అనే ప్రోగ్రామ్‌ను బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్, జేమ్స్ హంట్ తయారుచేశారు. 1974 నాటి యూనిక్స్ అయిదో ఎడిషన్‌తో అది బయటికొచ్చింది. తేడా కనిపెట్టడం వరకూ సరే, ఆ తేడాను ఎక్కడో దూరాన ఉన్న మరొకరి కాపీకి ఎక్కించడం ఎలా? వాళ్ల దగ్గరున్న ఫైలు అప్పటికే కొంత మారిపోయి ఉంటుంది. పదో లైను పదిహేడో లైను అయి ఉంటుంది. 1985లో ల్యారీ వాల్ రాసిన ప్యాచ్ అనే ప్రోగ్రామ్ ఈ చిక్కు విప్పింది. చుట్టుపక్కల లైన్లను ఆనవాలుగా పట్టుకుని, చోటు కాస్త జరిగినా వెతుక్కుని మరీ మార్పును అతికించేది. ఎక్కడా పొసగని ముక్కలను తోసిపుచ్చి వేరే ఫైల్లో పడేసేది. దాంతో ముఖం చూడని మనుషులు ఒకే ప్రోగ్రామ్ మీద పనిచేయడం సులువైంది. పంపే వస్తువుకు కూడా ప్యాచ్ అన్న పేరే నిలిచింది.

అదే ల్యారీ వాల్ 1987 డిసెంబర్‌లో పెర్ల్ భాషను విడుదల చేసినప్పుడు దాంతోపాటు చిన్న చిన్న టెస్టుల ఫోల్డర్ ఒకటి పెట్టాడు. ప్రతి టెస్టూ ఒక అంకె వేసి ఓకే అనో, నాట్ ఓకే అనో అచ్చు వేసేది, అంతే. టెస్ట్ ఎనీథింగ్ ప్రోటోకాల్ అని తర్వాత పేరు పెట్టుకున్న పద్ధతికి అదే మొదలు. ప్యాచ్‌ను లోకానికి ఇచ్చిన మనిషే దాన్ని నమ్మాలో వద్దో తేల్చే తూనికరాయిని కూడా పక్కనే పెట్టాడన్నమాట. ఆ తర్వాత కెంట్ బెక్, ఎరిక్ గామా 1997లో జూరిక్ నుంచి అట్లాంటా వెళ్లే విమానంలో కూర్చుని జావా టెస్టుల పరికరం జేయూనిట్ రాయడం, టెస్టులు రాయడమంటే ప్రోగ్రామర్లలో గౌరవం పెరగడం బాగా తెలిసిన కథే.

తిరిగి షికాగోకి వద్దాం. హగిన్స్ తయారుచేసినది చూసి దాన్ని ఓపెన్ సోర్స్ చేద్దామన్న చర్చ మొదలుపెట్టింది అతని సహోద్యోగి పాల్ హ్యామంట్. అతని దగ్గర ఇంకో ఆలోచన కూడా ఉంది. టెస్టు పట్టికలోనే ఎందుకు ఉండాలి, బయటినుంచి జావాలోనో మరో భాషలోనో రాసి బ్రౌజర్‌ను నడిపిస్తే పోలా? దీనికి ఒక అడ్డుగోడ ఉంది. ఒక సైటు నుంచి వచ్చిన జావాస్క్రిప్ట్ ఇంకో సైటు పేజీలో చెయ్యి పెట్టకూడదని బ్రౌజర్ల భద్రతా నియమం. ఆ నియమం వల్ల, పరీక్షించాల్సిన వెబ్‌సైట్ ఉన్న సర్వర్లోనే సెలీనియంను పెట్టాల్సి వచ్చేది. గూగుల్‌ను పరీక్షించాలంటే గూగుల్ సర్వర్లో మన ఫైలు పెట్టాలి! అది కుదిరే పని కాదు కనుక మధ్యలో ఒక సర్వర్‌ను కూర్చోబెట్టి, అంతా ఒకే చోటి నుంచి వస్తున్నట్టు బ్రౌజర్‌ను నమ్మించే దారులు వెతికారు. ఆస్లాక్ హెలెసోయ్, మైక్ మెలియా రకరకాల ప్రయోగాలు చేశారు. హ్యామంట్ జావాలో సర్వర్ రాశాడు. ఆస్లాక్, ఓబీ ఫెర్నాండెజ్ కలిసి రూబీ భాషకు వంతెన కట్టారు.

ఇంతవరకూ అంతా ఇంటివాళ్లే. అసలు మలుపు బయటివాళ్లు రావడంతో వచ్చింది. బీఈఏ అనే మరో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్న డాన్ ఫాబ్యులిచ్, నెల్సన్ స్ప్రౌల్ వరుసగా కొన్ని ప్యాచ్‌లు ఇస్తామంటూ ముందుకొచ్చారు. పాట్ లైట్‌బాడీ వాళ్లకు సాయం. తర్వాత సెలీనియం ఆర్‌సీ పేరుతో ప్రపంచమంతా వాడిన రూపం ఆ ప్యాచ్‌ల నుంచే వచ్చింది. వాళ్ల ప్రతిపాదన వచ్చిన సమావేశంలోనే ఇంకో నిర్ణయం కూడా జరిగింది. ప్రాజెక్టు పగ్గాలు ఒక కంపెనీ చేతిలో కాకుండా ఒక కమిటీ చేతిలో ఉంటాయి, అందులో థాట్‌వర్క్స్ తరఫున హగిన్స్, హ్యామంట్ మాత్రమే కూర్చుంటారు. కోడ్ ఇచ్చేవాడికి కుర్చీ కూడా వేయాలన్న ఈ వివేకం అన్ని ప్రాజెక్టులకూ ఉండదు. సోర్స్ కోడ్ అందరికీ చూపిస్తూ, బయటి మార్పులను మాత్రం గుమ్మం దగ్గరే ఆపేసే కంపెనీలు ఇప్పటికీ చాలా ఉన్నాయి.

2006 ప్రాంతంలో జపాన్‌లో షిన్యా కసతాని అనే ప్రోగ్రామర్‌కు ఇంకో ఊహ వచ్చింది. సెలీనియం కోడ్ మొత్తాన్నీ ఫైర్‌ఫాక్స్‌లో ఇమిడే ఎక్స్‌టెన్షన్‌గా మార్చేస్తే, మనిషి నొక్కేదంతా రికార్డు చేసి తిరిగి ఆడించవచ్చు. పైగా ఎక్స్‌టెన్షన్‌కు ఆ అడ్డుగోడ నియమం వర్తించదు. అలా సెలీనియం ఐడీఈ పుట్టింది, ప్రాజెక్టులో కలిసింది. కోడ్ రాయడం రాని కొన్ని వేలమందికి టెస్ట్ ఆటోమేషన్‌ తొలి రుచి చూపించింది అదే.

2007లో హగిన్స్ గూగుల్‌లో చేరాడు. అదే సంవత్సరం థాట్‌వర్క్స్‌లో సైమన్ స్టీవర్ట్ వెబ్‌డ్రైవర్ అనే వేరే పరికరం తొలి కోడ్ బయటపెట్టాడు. పేజీలోపల జావాస్క్రిప్ట్‌గా కూర్చునే సెలీనియంకి కొన్ని పనులు ఎప్పటికీ చేతకావు. ఫైలు అప్‌లోడ్ పెట్టెలో పేరు టైపు చేయడం అందులో ఒకటి, భద్రత కోసం బ్రౌజర్ ఒప్పుకోదు. స్టీవర్ట్ ప్రతి బ్రౌజర్‌నూ దానికి సహజమైన దారిలోనే బయటినుంచి నడపాలన్నాడు. ఫైర్‌ఫాక్స్‌కి ఎక్స్‌టెన్షన్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి సీ ప్లస్ ప్లస్. ఎక్కువ శ్రమ, కానీ నిజమైన వాడకందారు చేసే పనికి దగ్గర. 2009లో గూగుల్ టెస్ట్ ఆటోమేషన్ కాన్ఫరెన్స్‌లో కలుసుకున్న రెండు వర్గాలూ పోటీ పడటం మాని ప్రాజెక్టులను కలిపేయాలని తీర్మానించుకున్నాయి. సెలీనియం 2.0 విడుదల కావడానికి 2011 జూలై దాకా పట్టింది. పేరు పాతది మిగిలింది, నడిపించే గుండె మాత్రం కొత్తది. ఓపెన్ సోర్స్‌లో చీలికలు కొల్లలు, విలీనాలు అరుదు. ఇది అరుదైన రకం.

విలీనం తర్వాత ఒక విచిత్రమైన కష్టం మొదలైంది. కోడ్ భద్రపరిచే ఒకే రెపోలో జావా, పైథాన్, రూబీ, సీ షార్ప్, జావాస్క్రిప్ట్, సీ ప్లస్ ప్లస్. ఇన్ని భాషలు బాగా వచ్చిన మనిషి దొరకడు. ఒక్కో భాషకు ఒక్కో రకం బిల్డ్ పద్ధతి. పైథాన్‌లో చిన్న బగ్ సరిచేద్దామని వచ్చినవాడికి ముందు విజువల్ స్టూడియో కొనుక్కో అంటే వెనక్కి తిరిగి చూడకుండా పోతాడు. ఈ ప్రాజెక్టు నిర్మాణం గురించి స్టీవర్ట్ తర్వాత రాసిన వివరణలో దీని మీద చాలా పట్టింపు కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాడు మొత్తం తెలుసుకోనవసరం లేకుండా తనకు తెలిసిన మూలలో పనిచేసుకోగలగాలి. ఒకరిద్దరు ముఖ్యులు రేపు బస్సు కింద పడినా ప్రాజెక్టు ఆగకూడదు. ప్రోగ్రామర్లు దీన్ని బస్ ఫ్యాక్టర్ అని కొంచెం క్రూరంగానే పిలుచుకుంటారు. అందుకే వీలైనంత ఎక్కువ పనిని అందరికీ అర్థమయ్యే జావాస్క్రిప్ట్ ముక్కల్లోకి మార్చి, అన్ని డ్రైవర్లకూ ఉమ్మడిగా పంచారు.

బిల్డ్ కోసం క్రేజీఫన్ అని సొంతంగా ఒకటి అల్లుకున్నారు. పేరుకు తగ్గట్టే అదొక వింత జంతువు. దాని మంచితనం ఒకటుంది. ఒకరి కంప్యూటర్లో విండోస్ కంపైలర్ లేకపోతే తిట్టి పంపకుండా, ఎవరో ముందే కంపైల్ చేసి రెపోలో పెట్టిన ఫైలు తీసుకుని ముందుకు సాగేది. కంపైల్ అయిన ఫైళ్లను సోర్స్ కోడ్‌తో కలిపి భద్రపరచడం మంచి అలవాటు కాదని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఇక్కడ తెలిసే ఆ తప్పు చేశారు, లినక్స్ మీద పనిచేసే మనిషిని పోగొట్టుకోకుండా ఉండటానికి. తర్వాత ఫేస్‌బుక్ వాళ్ల బక్‌కు, అటుపిమ్మట గూగుల్ వాళ్ల బేజెల్‌కు మారారు. గో అనే చిన్న స్క్రిప్ట్ మాత్రం క్రేజీఫన్ రోజుల నుంచీ రెపో గుమ్మంలోనే ఉంది.

కోడ్‌తో పాటు పేరు కూడా చరిత్రలో నిలవడం చాలా ఆలస్యంగా వచ్చిన సౌకర్యం. కోడ్ మార్పుల చరిత్ర దాచే సీవీఎస్, సబ్‌వర్షన్ పరికరాల కాలంలో మూల రెపోలో రాసే హక్కు కొద్దిమంది కమిటర్లదే. బయటివాడు ప్యాచ్ తయారుచేసి బగ్ రిపోర్టుకు అతికించేవాడు. ఒక కమిటర్ తీరిక చూసుకుని, నచ్చితే తన చేతులతో ఎక్కించేవాడు. లాగ్‌లో కమిటర్ పేరే పడేది. మర్యాదస్తుడైతే ఈ ప్యాచ్ ఫలానావారిదని కింద ఒక ముక్క రాసేవాడు, మరిచిపోతే ఆ పేరు గాల్లో కలిసినట్టే. 2005లో లినస్ టోర్వాల్డ్స్ రాసిన గిట్ ఇక్కడే ఒక న్యాయం చేసింది. రాసినవారు ఎవరు, ఎక్కించినవారు ఎవరు అన్నవి రెండు వేర్వేరు గళ్లుగా ప్రతి కమిట్‌లోనూ ఉంటాయి. 2008లో వచ్చిన గిట్‌హబ్ దాని మీద పుల్ రిక్వెస్ట్ అనే ద్వారం కట్టింది. ప్యాచ్ రాయడం, చర్చించడం, సరిదిద్దడం, కలపడం అన్నీ ఒకే చోట, అందరి కళ్ల ముందూ. సెలీనియం కోడ్ కూడా గూగుల్ కోడ్ అనే సైటు నుంచి గిట్‌హబ్‌కు చేరింది. ఉద్యోగానికి దరఖాస్తు చేసే కుర్రాడు రెజ్యూమేలో గిట్‌హబ్ లింకు పెట్టుకోవడం వెనక ఉన్నది ఆ రెండు గళ్ల మహిమే.

కాగితాల సంగతి కూడా ఆ కాలంలోనే గట్టిపడింది. 2003 మార్చిలో ఎస్‌సీఓ అనే కంపెనీ, తమ యూనిక్స్ కోడ్ లినక్స్‌లోకి చేరిపోయిందంటూ ఐబీఎం మీద దావా వేసింది. అది ఏళ్ల తరబడి సాగింది. మరుసటి ఏడాదే లినక్స్ కెర్నల్‌లో ఒక కొత్త ఆచారం మొదలైంది. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని హామీ ఇస్తూ ప్రతి ప్యాచ్ చివర పేరు, ఈమెయిల్‌తో ఒక సంతకపు లైను. కెర్నల్‌ను పరీక్షించే లినక్స్ టెస్ట్ ప్రాజెక్ట్‌లోనూ ఆ సంతకం అడుగుతారు, ప్యాచ్‌లు ఇప్పటికీ చాలావరకు ఈమెయిల్‌లోనే నడుస్తాయి. సెలీనియం వేరే దారి పట్టింది. మొదటిసారి కోడ్ ఇచ్చేవారు ఒక ఒప్పందానికి అంగీకరించాలి. ప్రాజెక్టు తరఫున ఆ హక్కులు చూసుకునేది సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ అనే అమెరికన్ లాభాపేక్ష లేని సంస్థ. సెలీనియం ఫైలు ఏది తెరిచినా తలమీద ఆ సంస్థ పేరుతో లైసెన్సు పంక్తులు కనిపిస్తాయి. ఉద్యోగం చేస్తున్నవారికి ఇది ఉత్తి లాంఛనం కాదు. ఆఫీసు వేళల్లో ఆఫీసు ల్యాప్‌టాప్ మీద రాసిన కోడ్ మీద హక్కు చాలా ఉద్యోగ ఒప్పందాల ప్రకారం కంపెనీదే. మేనేజర్‌ను అడగకుండా పంపితే ఇబ్బంది పడేది పంపినవారే.

వెబ్‌డ్రైవర్ వ్యవహారం క్రమంగా సెలీనియం చేయి దాటి పెద్దదైంది. బ్రౌజర్‌ను బయటినుంచి నడిపే పద్ధతికి ఒక ప్రమాణం రాయాలని స్టీవర్ట్, డేవిడ్ బర్న్స్ సంపాదకులుగా వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీలో పని మొదలైంది. 2018 జూన్ 5న అది అధికారిక సిఫారసు అయింది. ఈలోగా డ్రైవర్లను బ్రౌజర్ కంపెనీలే రాసుకోవడం మొదలుపెట్టాయి. క్రోమ్‌డ్రైవర్ క్రోమియం బృందానిది, గెకోడ్రైవర్‌ను మొజిల్లా రస్ట్ భాషలో రాసింది, 2016లో సఫారీ 10తో యాపిల్ తన డ్రైవర్‌ను బ్రౌజర్‌తోపాటే ఇచ్చింది. దీని వల్ల లాభం అందరికీ తెలిసినదే. ప్యాచ్ పట్టుకొచ్చేవారికి మాత్రం కొత్త తిరకాసు వచ్చిపడింది. క్లిక్ తప్పుచోట పడుతోందని రాత్రంతా కూర్చుని కారణం కనిపెట్టి తెస్తే, ఇది మా కోడ్ కాదు, క్రోమియం వాళ్లకు చెప్పుకోండి అని జవాబొస్తుంది. అక్కడికి వెళితే, ప్రమాణంలోనే అలా రాసి ఉంది అంటారు. ఇష్యూలకు జవాబిచ్చే వాలంటీర్లకు రోజూ ఉండే పనుల్లో ఈ దారి చూపడం ఒకటి. మామూలు కంటికి ఇది తిప్పుకోవడంలా కనిపిస్తుంది కానీ, ఒక చోట అతుకు వేసి మరో మూడు బ్రౌజర్లలో చిరుగు తేవడం కన్నా నయం.

ఎవరూ రాని చోట ఏమవుతుందో 2017 ఆగస్టులో తెలిసింది. ఫైర్‌ఫాక్స్ 55 విడుదలైంది, కసతాని మొదలుపెట్టిన సెలీనియం ఐడీఈ పనిచేయడం మానేసింది. ఫైర్‌ఫాక్స్ పాత ఎక్స్‌టెన్షన్ పద్ధతి వదిలి వెబ్ ఎక్స్‌టెన్షన్లకు మారుతోంది. ఆ సంగతి మొజిల్లా చాలా ముందే చెప్పింది. ఐడీఈని కొత్త పద్ధతికి మార్చి రాసేంత తీరిక, ఓపిక ఉన్న మనిషి తమ దగ్గర లేరని సెలీనియం బృందం దాపరికం లేకుండా ప్రకటించింది. లక్షల రూపాయల జీతాలిచ్చే కంపెనీల్లో రోజూ వాడే పరికరం అది. దాన్ని చూసుకోవడానికి మనిషి కరువు. తర్వాత అప్లిటూల్స్ అనే కంపెనీ తన ఇంజినీర్లకు జీతమిచ్చి కొత్త ఐడీఈ రాయించింది. వాలంటీర్ల ప్రాజెక్టు అని పేరు ఉన్నా, పెద్ద పనుల వెనక ఎవరో ఒకరు జీతాలు కడుతూనే ఉంటారు. స్టీవర్ట్ గూగుల్‌లోనూ, తర్వాత ఫేస్‌బుక్‌లోనూ పనిచేశాడు. సెల్‌ఫోన్ యాప్‌లను పరీక్షించే యాపియం కథా అంతే. డాన్ క్యూలర్ తన ఆఫీసు అవసరానికి రాసుకున్నదాన్ని 2012లో లండన్ సెలీనియం కాన్ఫరెన్స్‌లో చూపించాడు. హగిన్స్ సహస్థాపకుడిగా ఉన్న సాస్ ల్యాబ్స్ దానికి మనుషుల్ని, డబ్బునీ ఇచ్చాక అది నిలదొక్కుకుంది.

మనుషులు మరీ ఎక్కువగా వచ్చిపడిన సందర్భమూ ఉంది. డిజిటల్ ఓషన్ కంపెనీ 2014 నుంచి ఏటా అక్టోబర్‌లో హాక్టోబర్‌ఫెస్ట్ నడుపుతోంది. అప్పట్లో కొన్ని పుల్ రిక్వెస్టులు పంపితే ఒక టీషర్టు ఉచితంగా ఇచ్చేవారు. 2020 అక్టోబర్ మొదటి రోజుల్లో ఆ టీషర్టు కోసం అనేక ప్రాజెక్టుల మీద పనికిమాలిన మార్పులు వరదలా పడ్డాయి. రీడ్‌మీ ఫైల్లో ఒక విశేషణం చేర్చడం, ఒక ఖాళీ లైను తీసేయడం, ఇలాంటివి. వాటిని ఒక్కొక్కటీ తెరిచి చూసి మూసేయాల్సింది జీతం లేని వాలంటీర్లే. నిర్వాహకులు వారం తిరక్కుండానే నియమం మార్చి, తమకు ఇష్టమని ముందుగా చెప్పిన ప్రాజెక్టులే లెక్కలోకి వస్తాయన్నారు. కోడ్ ఇవ్వడం రెజ్యూమేకి, బహుమతికి ముడిపడ్డాక ఎప్పుడో ఒకప్పుడు ఇది జరగక మానదు.

అమీర్‌పేటలో పోస్టర్లు మారి చాలా కాలమైంది. విన్‌రన్నర్, క్యూటీపీ చోట "సెలీనియం విత్ జావా", "సెలీనియం విత్ పైథాన్" వచ్చాయి. డాలర్ల లైసెన్సు అక్కర్లేని పరికరం కాబట్టి పాత ల్యాప్‌టాప్ ఉన్న విద్యార్థి కూడా హాస్టల్ గదిలో సాధన చేయగలిగాడు. సెలీనియం డాక్యుమెంటేషన్‌లో చాలాకాలం ఉన్న తొలి ఉదాహరణ గూగుల్ తెరిచి చీజ్ అని వెతికేది. ముంత మజ్జిగతో పెరిగిన తెలుగు కుర్రాళ్ల తొలి టెస్టుల్లో కూడా ఆ చీజే కనిపించింది. సెలీనియం వార్షిక సమావేశం 2014, 2016, 2018లో బెంగళూరులో జరిగింది. మూడుసార్లు ఒకే దేశానికి రావడానికి కారణం ఊహించడం కష్టం కాదు, దాన్ని వాడి బతికేవాళ్లు ఇక్కడ అంతమంది. అయితే కోచింగ్ సెంటర్ సిలబస్ ఇంటర్వ్యూ దగ్గర ఆగిపోతుంది. లొకేటర్లు, వెయిట్లు, ఫ్రేమ్‌వర్క్ వరకూ చెబుతారు. ఆ లైబ్రరీ సోర్స్ తెరిచి చూడటం, అందులో తప్పుంటే సరిచేసి పంపడం దాని పరిధిలోకి రాదు. నేర్చుకునేవారి తప్పు ఇందులో వెతకడం అన్యాయం. మూడు నెలల్లో ఉద్యోగం రావాలని ఫీజు కట్టినవారికి సోర్స్ కోడ్ చదివే తీరిక ఎక్కడిది? ఎటొచ్చీ ఉద్యోగంలో చేరి అయిదారేళ్లు అదే పరికరంతో పనిచేసినవారికీ ఆ తలుపు తెరిచే ఉందని చాలామంది గుర్తుచేయరు.

ఆ తలుపులోంచి వెళ్లడం ఇప్పుడు ఎలా ఉంటుందంటే, రెపో బరువు ఎక్కువ కనుక రెండు దశాబ్దాల చరిత్రనంతా దించుకోకుండా పైపొర ఒక్కటే దించుకోమని రీడ్‌మీ సలహా ఇస్తుంది. ప్రధాన శాఖ పేరు ట్రంక్. సబ్‌వర్షన్ తరం వాళ్లకు ఆ పేరు కొత్తేం కాదు. మార్పు ఏ భాషకు చెందినదో తెలిసేలా పుల్ రిక్వెస్ట్ శీర్షిక ముందు చదరపు కుండలీకరణాల్లో ఆ భాష గుర్తు వేస్తారు. పైథాన్‌లో ఒక సౌకర్యం చేరిస్తే జావా, రూబీ, సీ షార్ప్‌లలో దాని సంగతేమిటని రివ్యూలో అడుగుతారు, ఎందుకంటే అన్ని భాషల్లోనూ ప్రవర్తన ఒకేలా ఉండాలి. మార్పుతో పాటు టెస్టు రావాలి. టెస్టులు నడిచే వెబ్ పేజీలు అన్ని భాషలకూ ఉమ్మడిగా ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి, ఏళ్ల నాటి ఫారాలు, ఫ్రేములు, పాప్‌అప్‌లతో అదొక చిన్న వెబ్ మ్యూజియం. టెస్టులను నడిపేది మాత్రం ఎవరి భాష పరికరం వాళ్లది. జావాకు జేయూనిట్, పైథాన్‌కు పైటెస్ట్, రూబీకి ఆర్‌స్పెక్, డాట్‌నెట్‌కు ఎన్‌యూనిట్. ఒక ఓపెన్ సోర్స్ టెస్టింగ్ ప్రాజెక్టు బాగోగులు మరో నాలుగు టెస్టింగ్ ప్రాజెక్టులు చూస్తాయి.

అన్ని టెస్టులూ అన్ని బ్రౌజర్లలోనూ పాసవ్వవు, ఆ సంగతి అక్కడ ఎవరూ దాచరు. సఫారీలో ఇంకా పనిచేయని టెస్టు మీద జావా కోడ్‌లో నాట్ యెట్ ఇంప్లిమెంటెడ్ అని ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తున్న టెస్టు ఫెయిలైతే సరే. పొరపాటున పాసైతే బిల్డ్ ఎర్రబడుతుంది. బ్రౌజర్ తయారీదారు ఎప్పుడో ఒక వెర్షన్‌లో నిశ్శబ్దంగా ఆ లోపం సరిచేసి ఉంటాడు, ఆ కబురు ఇక్కడికి చేరేది ఇలాగే. అప్పుడు ఎవరో ఒకరు ఆ గుర్తున్న లైనును తీసేసి పుల్ రిక్వెస్ట్ పెట్టాలి. కొత్తగా వచ్చేవారికి మొదలుపెట్టడానికి అలాంటి పనులే సులువు. ఆ ఒక్క లైను తీసివేతకూ ఒప్పందం మీద సంతకం కావాలి, ఒక కమిటర్ రివ్యూ కావాలి, మిగతా బ్రౌజర్లలో టెస్టులన్నీ మళ్లీ ఒకసారి నడవాలి.